అమ్ముటయా, నమ్ముటయా? – గురజాడ ‘దేశభక్తి’ గేయమున స్వదేశి వస్తువు

గురజాడ అప్పారావుగారి ‘దేశభక్తి’ గేయమును బోధించిన యొక సంవత్సరము పరీక్షపత్రములు దిద్దుచుండగా నాకొక విచిత్రము కానవచ్చినది. ఆ గేయమున స్వదేశి వస్తువులను గూర్చి కవి యేమి చెప్పెనో వివరింపుమను ప్రశ్నకు పలువురు విద్యార్థులు ‘స్వదేశి వస్తువులను మనము నమ్మవలెను, వానినే కొనవలెను అని కవి ఉపదేశించినాడు’ అని వ్రాసిరి. తప్పు విద్యార్థులదే యనుకొని ఊరకుండుటకు వీలులేకపోయినది. సభావేదికలపై ఉపన్యసించు పెద్దలును ఆ పంక్తిని ఆ అర్థముననే ఉదాహరించుట పెక్కుసార్లు విన్నాను. కవి చెప్పినది అమ్ముట. లోకము విన్నది నమ్ముట. నడుమ నున్నది ఒక్క నకారము. ఆ నకారమువలన గేయమునకు కలిగిన అర్థభేదము స్వల్పమైనది కాదు. దేశమునెడ కర్తవ్యము వస్తువును చేయువానిదా, కొనువానిదా అను ప్రశ్న ఆ చిన్న అక్షరముపై ఆధారపడియున్నది. ఈ వ్యాసమునకు అదియే విషయము.

మొదట వ్యాకరణము. ద్వితీయాంతమైన బహువచనము ద్రుతాంతము. దానిపై అచ్చుతో మొదలగు ‘అమ్ము’ ధాతువు వచ్చినచో ద్రుతము అచ్చుతో కలిసి నకారమై వినబడును. ‘నమ్ము’ ధాతువు వచ్చినను వినికిడి యదియే. నకారము స్థిరము గావున దానికి ముందున్న ద్రుతము లోపించుటయు కలదు. కనుక సంధినిబట్టి నిర్ణయింపరాదు. ఛందస్సునుబట్టియు నిర్ణయింపరాదు. మూడు, నాలుగు మాత్రల గణములతో నడచు ఈ మిశ్రగతిలో రెండర్థములకును మాత్రలు సమానమే. అంత్యప్రాసయు తోడ్పడదు, ముందు పంక్తిలోని క్రియ రెండు ధాతువులతోను సమముగ పొసగును. గ్రంథముద్రణమున పదములను విడదీయు అలవాటు మనకు స్థిరపడకపోవుటవలన అచ్చుపుస్తకమును చూచినవానికిని సందేహము తీరదు. ఇట్టిచోట్ల సందర్భమే ప్రమాణము.

సందర్భమేమి చెప్పుచున్నది? ఆ పంక్తికి ముందు కవి కళలన్నియు నేర్చి స్వదేశి వస్తువులను సమృద్ధిగ సృష్టింపుమనుచున్నాడు. వెంటనే అవి సర్వదేశములకును వ్యాపింపవలెననుచున్నాడు. ఆపై ధనము గడించి తేజాలని జనులకు కీర్తియు సంపదయు దక్కవని చెప్పుచున్నాడు. నేర్చుట, చేయుట, పరదేశములకు పంపుట, ధనము తెచ్చుట – ఈ వరుసలో నమ్ముటకు చోటెక్కడ? వస్తువులు అన్యదేశములలో వ్యాపించినపుడు వానిని ‘నమ్మవలసిన’వారు ఆ యన్యదేశస్థులు కావలయును; కవి వారితో మాటలాడుటలేదు. కావున ధాతువు ‘అమ్ము’ అనుట నిస్సంశయము. గేయమును శ్రద్ధగ చదివిన పండితులకు ఇది తెలియని సంగతి కాదు. కాని తెలిసినవారు దానిని వ్యాకరణవిషయముగ గుర్తించి విడిచిరే గాని, అందుండి తేలు భావమును వెంబడించిన జాడ నాకు అంతగా కానరాలేదు.

ఈ గేయము 1910 నాటిది. దానికి ముందు అయిదేండ్లలో దేశమున జరిగినదేమో జ్ఞప్తికి తెచ్చుకొన్న గాని కవి మాట యొక్క విశేషము తెలియదు. 1905 ఆగస్టు 7వ తేదిన కలకత్తా టౌనుహాలులో జరిగిన సభలో విదేశవస్తు బహిష్కారము తీర్మానింపబడినది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశమున పర్యటించెను. రాజమహేంద్రవరమున ఆయన సభలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు భారతదేశమును పాడియావుగను, దేశీయులను దూడలుగను, పాలకులను దూడల మూతులు బిగించి పాలు పిదుకుకొను గొల్లవారుగను చిత్రించిన పద్యమును చెప్పిరి. ఆ సంవత్సరమే అచటి శిక్షణకళాశాలనుండి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైరి. బహిష్కారమను మాట రెండర్థములలోను వీథులలో మారుమ్రోగుచున్న కాలమది. విదేశవస్త్రమును కొనవలదు, స్వదేశి వస్త్రమునే కొనుడు అనుట అప్పటి దేశభక్తికి పర్యాయపదమైయుండెను.

అట్టి కాలమున ‘దేశభక్తి’ యను పేరుతోనే గేయము వ్రాయబూనిన కవి, కొనువానిని గూర్చి ఒక్క మాటయైన చెప్పలేదు. విదేశి వస్తువును ముట్టవలదనలేదు. స్వదేశి వస్తువునే కొనుమనలేదు. చిలకమర్తివారి పద్యమున పాలు పోవుచున్నవన్న దుఃఖము కలదు. గురజాడ గేయమున పాలు ఎక్కువచేసి అమ్ముకొనుమన్న ఆదేశము కలదు. మొదటిది దోపిడిని చూపు పద్యము, రెండవది పనికి పురికొల్పు పాట. రెండును కావలసినవే. కాని రెండవదానిని మొదటిదానివలె చదువుట కవికి అన్యాయము.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. గురజాడ విజయనగర సంస్థానోద్యోగి. ఆంగ్లప్రభుత్వమునకు వ్యతిరేకమైన బహిష్కారమును ప్రబోధించు స్వేచ్ఛ ఆయనకు లేదు. అందుచే ఆ మాట మింగి, ఈ మాట చెప్పినాడు – అని. ఈ వాదమును తేలికగ త్రోసిపుచ్చరాదు. సంస్థానోద్యోగికి జాగరూకత సహజము. అయినను జాగరూకత మౌనమునకు కారణము కాగలదు గాని, మాటకు కారణము కాజాలదు. భయపడిన కవి వస్తువుల ప్రసంగమునే విడిచి, దేశపు ప్రకృతిశోభను వర్ణించి తప్పించుకొనవచ్చును. గురజాడ అట్లు చేయలేదు. సర్వదేశములలో వ్యాపారము చేయుమనెను. అది బహిష్కారమునకు ముసుగు కాదు, వేరొక సిద్ధాంతము. బహిష్కారమునకు సరిహద్దు గోడయైన, ఈ సిద్ధాంతమునకు సరిహద్దు రేవు. పైగా తనకు దేశాభిమానము కలదని ఊరక డంబములు పలుకువానిని కవి యీ గేయముననే మందలించినాడు. ఒడలిపైనున్న బట్టను చూపి దేశభక్తుడననిపించుకొనుట అప్పుడప్పుడే ఆరంభమైన ఆ దినములలో ఈ మందలింపు ఎవరికి తగులునో చెప్పనక్కరలేదు.

ఈ సందర్భమున రవీంద్రనాథుని ‘ఘరే బాయిరే’ నవల స్మరణకు వచ్చును. అది 1916లో గ్రంథరూపమున వెలువడినది. గురజాడ 1915లోనే మరణించెను గనుక ఒకరి ప్రభావము మరియొకరిపై నున్నదను ప్రశ్నయే లేదు. ఆ నవలలోని నిఖిలుడు ఉద్యమమునకు పూర్వమే స్వదేశి వస్తువులను చేయించుటకు పూని ధనము పోగొట్టుకొన్న జమీందారు. ఉద్యమము వచ్చిన పిదప తన సంతలో విదేశవస్త్రమును నిషేధించుటకు ఆయన అంగీకరింపలేదు. కారణము పంచు వంటి పేదలు. పంచు విదేశవస్త్రపు మూటను నెత్తిన పెట్టుకొని అమ్ముకొను దరిద్రుడు. వాని జమీందారు వానికి జుల్మానా విధించి, ఆ మూటను కాల్పించినాడు. ఆ బట్ట విదేశములో పుట్టినదన్న మాట నిజమే. కాని కాలినది మాంచెస్టరువాని సొమ్ము కాదు, పంచు అప్పుచేసి తెచ్చిన సొమ్ము. బహిష్కారములోని నైతికసంకటమును ఇంత సూటిగ చూపిన ఘట్టము మన తెలుగు నవలలో నేను చదివి యెరుగను. గురజాడ గేయమున పంచు లేడు. కాని పంచును కాల్చు అవకాశమును ఆ గేయము ఎవరికిని ఇయ్యలేదు.

గురజాడ చెప్పిన అమ్మకము ఊహాలోకపు మాట యనుకొనువారు చీరాల చరిత్రను చూడవలయును. 1921లో మునిసిపాలిటీ పన్నులకు ఎదురు నిలిచి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరు విడిచిపోయిన చీరాల–పేరాల ప్రజల కథ అందరెరిగినదే. ఆ చీరాలయే తేలియా రుమాళ్లకు పుట్టినిల్లు. ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో చతురస్రముగ నేయు ఈ రుమాళ్లు అరబ్బుదేశములకు పోయి అచటివారికి తలపాగలైనవి. ఆసియా రుమాలని వానికి మరియొక పేరు. నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిదతోను పలుమార్లు నానబెట్టి, పిసికి, ఎండబెట్టిన గాని ఆ యెరుపు పట్టదు. పడుగును, పేకను లెక్కచొప్పున కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, గుంటమగ్గముమీద ఆ లెక్క తప్పకుండ నేయవలయును. ‘తేలియా’ యను పేరు ఆ నూనెనుండి వచ్చినదే. ఇదిగాక మద్రాసు రుమాలను పేర గళ్లబట్ట పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతి యగుచుండెడిది. అనగా చీరాల నేతగాని కంచములోని కూడు చాలవరకు పరదేశములలోని కొనుగోలుదారునినుండి వచ్చుచుండినది. ఆ యరబ్బు, ఆ నైజీరియావాడు తమ దేశపు బట్టనే కట్టవలెనని ప్రతిన పూనియుండిన యెడల, ఆ ప్రతినను మనము దేశభక్తియని మెచ్చుకొనవలయునా? మెచ్చుకొనినచో చీరాల మగ్గమునకేమి చెప్పుదుము?

ఇంకొక సంగతి. ఆ రుమాలును స్వదేశి వస్తువనవచ్చునా? మన తీరప్రాంతమున పూర్వము ఎరుపునకు చిరివేరు వాడెడివారు. 1869 ప్రాంతమున జర్మనీలో అలిజరిన్ అను ఎరుపురంగును కృత్రిమముగ తయారుచేయు పద్ధతి కనుగొనబడిన తరువాత ఆ రంగు మన రేవులకు దిగి, చిరివేరును క్రమముగ తొలగించినది. తేలియా రుమాలులోని ప్రసిద్ధమైన ఎరుపు అలిజరిన్‌దే. నూలు మిల్లునూలు, సన్ననూలు చాలకాలము సీమనుండియే వచ్చినది. రంగు జర్మనీది, నూలు మిల్లుది, చేయి చీరాలది, తల అరబ్బుది. ఇందు దేశము ఏ పోగులో నున్నది? ‘చేయి’లో నున్నదని నా యభిప్రాయము. దేశమును నేలతో గాక మనుష్యులతో గుర్తించిన గురజాడ యభిప్రాయమును అదియే యైయుండును. వస్తువుపై నున్న ముద్రనుబట్టి గాక, దానిలో చేరిన దేశీయుల పనితనమునుబట్టి స్వదేశిత్వమును తూచవలయును. ఈ తూనిక కష్టమైనది. ముద్రను చదువుట సులభము. సులభమైనది గనుకనే లోకము దానిని పట్టుకొన్నది.

కొనువానిమీదికి భారము ఎట్లు వచ్చినది? ఖద్దరు కాలమున వచ్చినది. 1921 జూలై 31న బొంబాయిలో విదేశవస్త్రములను రాశిపోసి దహించిరి. రాట్నమును, ఖద్దరును కీర్తించు పాటలు తెలుగున లెక్కకు మించి పుట్టినవి. వానిలో పెక్కింటికి శ్రోత కొనువాడు, కట్టువాడు. చేయువాడు కనబడినను పూజావిగ్రహముగ కనబడునే గాని, కూలి యడుగు మనిషిగ కనబడుట అరుదు. ఆ పాటలలో సాహిత్యగుణము ఎంత యను చర్చ ఇచట నాకు అక్కరలేదు. ఉద్యమగీతములను ఆ కొలతతో కొలుచుట ఉచితమును గాదు. ఆ పాటలు చెవిలో నిలిచిన తరము గురజాడ పంక్తిని చదివినపుడు ‘నమ్ముట’ యని వినుట సహజమైనది. పాఠకుడు తన కాలపు చెవితో వినును. ఈ పొరపాటునకు మూలము ఇదియని నేననుకొనుచున్నాను, నిరూపింపజాలను.

ఐతే ఖద్దరు ఉద్యమమును ఇంతటితో తీసిపారవేసిన నా వాదము ఏకపక్షమగును. 1925లో ఏర్పడిన అఖిలభారత చరఖాసంఘము చేతివడుకు నూలుతో చేనేసిన బట్టనే ఖాదిగ గుర్తించినది. అందుచే మిల్లునూలుతో నేయు లక్షలాది చేనేతపనివారు ఆ గౌరవమునకు వెలియైరి. ఇది వారికి అన్యాయమని అప్పుడే కొందరు వాదించిరి. మిల్లునూలుపై ఆధారపడిన నేతగాడు తుదకు మిల్లువాని దయపై బ్రతుకవలసివచ్చునని గాంధిగారి సమాధానము. ఆ సమాధానము కఠినముగ తోచును. కాని 1991లో చిలపనూలు ధర పెరిగి ప్రకాశము, గుంటూరు జిల్లాలలో నేతపనివారు ఆకలిచావులకు లోనైనపుడు ఆ కఠినోక్తిలోని సత్యము బయటపడినది. మగ్గము తనది, చేయి తనది, బట్ట స్వదేశిది. నూలు మాత్రము తన చేతిలో లేదు. స్వదేశి వస్తువని కొనువాడు సంతోషించుచుండగనే చేయువాడు పస్తుండెను.

1935లో చరఖాసంఘము వడుకుపనివారి కూలిని పెంచవలెనని తీర్మానించిన ఘట్టమును సాహిత్యవిద్యార్థులు సాధారణముగ చదువరు, చదువదగినది. కూలి పెరిగినచో ఖాది ధర పెరుగును, ధర పెరిగిన కొనువారు తగ్గుదురు, కొనువారు తగ్గిన వడుకువారికి పని తగ్గును – అని సంఘములోని పలువురు భయపడిరి. చవకఖాదిని ఆశించుటకు కొనువానికి హక్కు లేదని గాంధిగారు పట్టుపట్టిరి. కొనుమని పాడిన పాటలన్నియు ఒకయెత్తు, ఈ పట్టుదల యొకయెత్తు. ఉద్యమచరిత్రలో దేశి వస్తువు యొక్క ప్రశ్న కొనువాని భక్తినుండి చేయువాని కూలికి తిరిగిన తావు ఇది. ఈ తిరుగుడు తరువాతనే గాంధిగారి స్వదేశి గురజాడ స్వదేశికి దగ్గరకు వచ్చినదని చెప్పుటకు నేను సందేహింపను.

మరి కొనువానికి గేయమున ఏ పాత్రయు లేదా? ఇచట నా వాదమునకు ప్రతికూలమైన యొక ఘట్టమును నేనే చూపవలసియున్నది. గేయము చివరిభాగమున కవి, స్వలాభములో ఒక భాగమును విడిచి పొరుగువానికి తోడ్పడుమని చెప్పుచున్నాడు. ధర కొంచెమెక్కువైనను పొరుగున నున్న నేతగాని బట్టను కొనుట ఈ యుపదేశమునకు ఉదాహరణము కాదా యని యడిగిన, ఔననియే చెప్పవలయును. కావున కొనువాని కర్తవ్యము గేయమున నున్నది. కాని వస్తువుల ప్రసంగమున లేదు, పొరుగువాని ప్రసంగమున నున్నది. ఈ భేదమును నేను పట్టుదలతో నిలుపగోరుదును. వస్తుప్రసంగమున చదివినచో కర్తవ్యము దేశనామమునెడ ఏర్పడును. పొరుగు ప్రసంగమున చదివినచో కర్తవ్యము ఒక మనిషియెడ ఏర్పడును. రెండవది కవి హృదయమునకు తగినది. 1916లో మద్రాసున మిషనరీల సభలో స్వదేశిని నిర్వచించుచు గాంధిగారును దూరపువానికన్న సమీపమువానిసేవకే ప్రాధాన్యమిచ్చిరి. రెండు మార్గములు పొరుగువాని గడపవద్దనే కలిసినవి.

కవి ఆ చోట పరిమాణమును గూర్చి చూపిన జాగ్రత్తయు గమనింపదగినది. స్వలాభమును పూర్తిగ త్యజింపుమనలేదు. కలిగినవాడు కొంత విడువవలెను, లేనివానికి విడుచుటకేమున్నది? చవకబట్ట కొనుకొన్న కూలివానిని దేశద్రోహియనుటకు ఈ గేయమున ఆధారము దొరకదు. పంచు వంటివాని మూటను కాల్చుటకును దొరకదు. స్వదేశిని సమర్థించువారు ఈ పరిమితిని తరచుగ మరచెదరు. ఆదాయపు తేడాను విస్మరించి అందరికిని ఒకే వ్రతము విధించిన యెడల, వ్రతభంగమగునది పేదవానికే.

కొనువాని ఆదరము నిజముగ చేయువానిని చేరిన చోటునకు పొందూరును చూపవచ్చును. శ్రీకాకుళము జిల్లాలోని ఆ గ్రామమున స్త్రీలు వాలుగ చేప దవడయెముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, నూరవ నంబరు వరకును సన్ననూలు వడుకుదురు. ఆ పని యంత్రమునకు లొంగనిదని చెప్పుటకన్న, యంత్రమునకు అప్పగించినచో ఆ స్త్రీల చేతిలో పనియుండదని చెప్పుట సమంజసము. ఆ పంచెను బజారుధరతో పోల్చిచూచి కొనువాడెవ్వడును లేడు. అది ఎవరి చేత, ఎట్లు తయారైనదో ఎరిగినవాడే కొనును. ఇట్టి కొనుగోలుదారులు లేకున్న పొందూరు రాట్నము ఏనాడో ఆగిపోయెడిది. ఇది నా వాదమునకు ఎదురుగ తోచినను, నిజము గనుక చెప్పితిని. ఇచట వస్తువునకును మనిషికిని నడుమ దారి తెరచియున్నది. కొనువాడు ఆ దారి వెంట పోయి వడుకుచున్న చేతిని చూడగలడు.

నేటి బజారులో ఆ దారి చాలవరకు మూసికొనిపోయినది. పుట్టపాక, పోచంపల్లి చిటికి నేతల నమూనాలను మరమగ్గములమీదను, ముద్రణయంత్రములమీదను అనుకరించిన చీరలు తక్కువ ధరకు దొరకుచున్నవి. కొన్ని రకముల బట్టలను చేమగ్గమునకే ప్రత్యేకించుచు 1985లో చట్టము వచ్చినది. భౌగోళికగుర్తింపు చట్టము 1999లో వచ్చినది. అనుకరణ ఆగలేదు. ఆ అనుకరణచీర ఎక్కడిది? అదియు స్వదేశిదే. నేటి చేనేతపనివాని ప్రత్యర్థి మాంచెస్టరు కాదు. మన దేశములోనే మరియొక పట్టణమున నున్న మరమగ్గము. ఆ మరమగ్గమువద్ద పన్నెండుగంటలు నిలిచి పనిచేయువాడును పొరుగువాడే యని యొకరన్న, నేను కాదనజాలను. ‘స్వదేశి వస్తువునే కొనుడు’ అను సూత్రము ఈ యిద్దరి నడుమ తీర్పు చెప్పలేక నిలిచిపోవును. దేశనామముపై ఆధారపడిన సూత్రమునకు దేశములోపలి వివాదము తీరుచు శక్తి ఎక్కడినుండి వచ్చును?

2020 మే నెలలో, కరోనా వ్యాధి ప్రబలియున్న సమయమున, ప్రధానమంత్రి స్థానిక వస్తువులను ఆదరింపుడని దేశప్రజలకు పిలుపునిచ్చిరి. ఆ సంవత్సరమే అఖిలభారత చేనేతబోర్డు రద్దయినది. మొదటిది కొనువానికి చెప్పిన మాట; రెండవది చేయువాని గోడు వినిపించు వేదికకు సంబంధించినది. బోర్డు ఉన్నప్పుడు ఎంత ఉపకారము చేసెనో నేను లెక్కగట్టలేను. కాని రెండును ఒకే సంవత్సరమున జరుగుట గురజాడ పాఠకునికి స్ఫురింపకపోదు. 2015 నుండి ఆగస్టు 7వ తేది జాతీయ చేనేత దినముగ జరుపబడుచున్నది. కలకత్తా టౌనుహాలు సభ జరిగిన తేది యగుటచే దానిని ఎన్నుకొనిరి. బహిష్కారదినము చేనేతదినమైనది! అనగా కొనువాని ప్రతిజ్ఞకు సంబంధించిన తేదియే చేయువాని పండుగకు తేదియైనది. ఆనాటి సభలలో గురజాడ పంక్తిని చదువుట మనచోట్ల ఆచారమైయున్నది. ఏ అర్థమున చదువుదురో ముందే చెప్పితిని.

పాఠనిర్ణయమునకు మరలివచ్చెదను. మన పాఠ్యగ్రంథములలో కఠినపదముల పట్టికలో ఈ గేయమునకు పాడి, ఈసురోమనుట మొదలైనవానికి అర్థములు వ్రాయుదురు. ఈ క్రియకు వ్రాయరు, తేలికమాట యని కాబోలు. దాని క్రింద ‘అమ్ము ధాతువు, ద్రుతసంధి’ యని రెండు మాటలు ముద్రించిన చాలును. పరిశోధక విద్యార్థులెవరైన 1910 తరువాతి పత్రికలను, వాచకములను, సభావివరణలను పరిశీలించి, ‘నమ్ము’ అర్థము మొదట ఏనాడు, ఎవరి చేతిలో పొడసూపెనో తెలిసికొనిరేని, ఆ తేది గురజాడను గూర్చి గాక మనలను గూర్చి కొంత చెప్పును. తరగతిలో ఆ పంక్తి వచ్చినపుడు నేను క్రియకు ముందు ఒక్క క్షణము ఆగి, ద్రుతమును ముందుపదముతో ఉచ్చరించి, తరువాత అచ్చుతో మొదలుపెట్టుచున్నాను. లయ కొంచెము కుంటుపడును. విద్యార్థులు తలలెత్తి చూతురు. అప్పుడు చీరాల రుమాలు సంగతి చెప్పుచున్నాను.